కోళ్ళగూటికి గార్డు మామ్మ కిటికీ

పోయిన వారం మా అపార్టుమెంటు మూడో అంతస్తులో అద్దెకున్న ముసలావిడ పోయింది. తెల్లారుతూనే తెలిసి చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని మెట్లెక్కి వెళ్ళాను. ఆవిడ కొడుకు గుమ్మంలో గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఫ్లాటు ఓనరు నాకంటే ముందే వచ్చేశాడు. పెద్ద చదువులు చదివి, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనాయన. వెళ్ళి ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. జేబులోంచి ఫోను తీసి, "ఎన్ని గంటలకి పోయారు? కరెక్టుగా చెప్పు బాబూ," అని అడిగాడు. ఆ ఫోన్లోనే ఏదో నొక్కి చూసుకుని, "అయ్యయ్యో, ధనిష్ఠ!" అన్నాడు.

ఆ అయ్యయ్యో పోయినావిడకి కాదు, ఫ్లాటుకి.

"లిఫ్టులో వద్దు, వెనక మెట్ల మీంచి దింపండి. ఆర్నెల్లు తాళం పెట్టాలి. మీరింకో చోటు చూసుకోవాలి, ఏమనుకోకండి," అని మూడు ముక్కల్లో తేల్చేశాడు. నేను ఊరుకోలేదు. "ఏమయ్యా, ఎలా పోయిందని అడిగావా? రాత్రి అన్నం తిందా అని అడిగావా? నక్షత్రం అడుగుతావా ముందు?" అని అరిచాను. వాళ్ళంతా "అంకుల్, బీపీ వస్తుంది, కూర్చోండి," అని నాకో కుర్చీ తెచ్చి వేశారు. ఈ దేశంలో ముసలివాడి నోరు మూయించడానికి కుర్చీని మించింది లేదు.

కూర్చోలేదు. ఇంటికొచ్చేశాను. ఆ రోజంతా నా కళ్ళ ముందు ఒక కిటికీయే ఆడింది.

అప్పుడు మేం కంచరపాలెంలో, రైలు పట్టాలకి దగ్గర్లో ఒక సందులో ఉండేవాళ్ళం. ఇనప ఖనిజం మోసుకుని గూడ్సులు పోర్టుకి పోతుంటే ఆరేసిన బట్టల మీద, తులసికోట మీద, కోళ్ళ వీపుల మీద ఎర్రటి పొడి దిగేది. గాలి ఎటు తిరిగిందో ముక్కుతోనే చెప్పేవాళ్ళం. చేపల వాసన వస్తే హార్బరు గాలి, తారు వాసన వస్తే ఇంకో వైపుది. మా నాన్న పోర్టులో ఖలాసీ. అమ్మ తెల్లవారకముందే లేచి ఫిషింగ్ హార్బరు పక్కన రొయ్యలు వొలిచే షెడ్డుకి పోయేది. మధ్యాహ్నానికి డబ్బాడు రొయ్య పొట్టుతో తిరిగొచ్చేది. ఆ పొట్టు మా మామ్మ కోళ్ళకి.

మామ్మ, అంటే మా నాన్న తల్లి, గుడ్లమ్మి ఇల్లు సగం నడిపేది. మా సందులో, వెనక రైల్వే క్వార్టర్లలో అందరికీ ఆవిడ గుడ్లే. రొయ్య పొట్టు ఎండబెట్టి దంచి, తవుడులో తడిపి పెడితే పచ్చసొన కనకాంబరం రంగులో వచ్చేది. తెల్లారి గూట్లో చెయ్యి పెట్టి గుడ్లు తియ్యడం నా పని. ఇంకా వెచ్చగా ఉన్న గుడ్డుని కాసేపు కంటి రెప్ప మీద పెట్టుకునేవాణ్ణి. ఆ వెచ్చదనం మళ్ళీ ఎక్కడా దొరకలేదు నాకు.

గూడు మాత్రం యముడి కొంప. మా తాత బతికుండగా తారు డ్రమ్ములు చీరి, సాపు చేసి, మేకులు కొట్టి పెట్టిన రేకు పెట్టె. తలుపొక్కటే కంత. వేసవి వస్తే ఆ రేకు పగలంతా కాలి, రాత్రయినా చల్లారేది కాదు. పిల్లి భయానికి పొద్దుగూకగానే తలుపు మూసెయ్యాలి. మూస్తే లోపల కోళ్ళు ముక్కులు తెరుచుకుని రెక్కలు జారేసి పడుండేవి.

మా పెరటి గోడ పక్కనే సన్నటి సందు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి బల్లిలా అతుక్కోవాలి. ఆ సందుకి అవతల గార్డు మామ్మ ఇల్లు. ఆవిడ భర్త రైల్వేలో గార్డు చేసి ఎప్పుడో పోయాడు. పేరు మాత్రం ఆవిడకి మిగిలింది. మడీ ఆచారం ఉన్న ఇల్లు. కొడుకు ఏదో ఆఫీసులో గుమాస్తా. ఆవిడ గదికి మా సందు వైపు ఒక రెక్కల కిటికీ ఉండేది. టేకు చెక్క రెక్కలు ఒకదాని కింద ఒకటి, వాటన్నిటికీ మధ్య ఒక నిలువు పుల్ల. పుల్ల పైకెత్తితే రెక్కలన్నీ ఒక్కసారి తెరుచుకునేవి, దించితే మూసుకునేవి.

మధ్యాహ్నం ఎండ మండిపోయే వేళ మా మామ్మ ఆ కిటికీ కింద గోడ నీడలో పీట వేసుకుని కూర్చునేది. లోపల్నించి పుల్ల లేచేది. నలుగురిలో ఆవిడ మాటొస్తే "అమ్మగారు" అనే మా మామ్మ, ఆ కిటికీ దగ్గర మాత్రం "వొదినా" అనేది.

"ఏమే, ఎలా ఉన్నాయి నీ కోళ్ళు?"

"ఏటి సెప్పమంతావొదినా. ఊపిరాడక సత్తన్నాయి."

"ఆ రేకు డబ్బాలో ఓ రాత్రి నువ్వు పడుకుని చూడు, తెలుస్తుంది. ఓ కిటికీ పెట్టించరాదుటే?"

"కిటికీ పెడితే పరదా కావాలంతాయి. పరదా ఏస్తే పంకా కావాలంతాయి. నాను పడనేను."

"పోనీ నేను పోయాక ఈ కిటికీ పట్టుకుపో. మావాడెలాగూ దీన్ని పీకి ఊచలు పెట్టిస్తానంటున్నాడు."

"నీ కిటికీ నా కోళ్ళకా? గుడ్లు మానీసి మంత్రాలు సదూతాయొదినా!"

రెక్కల వెనక నవ్వు కిలకిలమనేది. మనిషి కనపడేది కాదు. వేళ్ళ కొసలు, కళ్ళజోడు మెరుపు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఆవిడకి ఒకసారి పెద్ద జ్వరం వచ్చి తగ్గాక నీరసం తగ్గలేదు. డాక్టరు రోజూ ఒక గుడ్డు తినమన్నాడు. కొడుకు గుడ్డు తేలేదు, డాక్టర్ని మార్చేశాడు. అది విని మా మామ్మ ఆ మధ్యాహ్నమే ఒక గుడ్డు ఉడకబెట్టి, వొలిచి, దారంతో నిలువునా నాలుగు ముక్కలు కోసి, ఉప్పూ మిరియం చల్లి తీసుకెళ్ళింది. నాలుగు ముక్కలెందుకంటే, రెక్కల సందున పట్టాలి కదా. లోపల గది తలుపు గడియ పడిన చప్పుడైంది. తరవాత రెండు వేళ్ళు బయటికొచ్చి ఒక ముక్క పట్టుకెళ్ళాయి.

"ఉప్పు తక్కువైందే," అంది గార్డు మామ్మ.

అంతే, ఆ రోజు నుంచి రోజూ. నీరసం తగ్గినా గుడ్డు తగ్గలేదు. రోజూ ఉప్పు తక్కువే. "రేపేత్తాన్లే వొదినా," అనేది మా మామ్మ. తిన్నాక ఆవిడ యాలక్కాయ నమిలేది. పెంకులు మా కోళ్ళకి పోయేవి. కాపలా నాది. సందు మొదట్లో గోలీలాడుతూ ఉండేవాణ్ణి. గుమాస్తాగారి సైకిలు మలుపు తిరిగితే "నీళ్ళొచ్చాయి! నీళ్ళొచ్చాయి!" అని గొంతు చించుకు అరవాలి. ఆ కేకకి కిటికీ పుల్ల టక్కున పడిపోయేది. దాంతోపాటు సందులో ఆడవాళ్ళంతా బిందెలేసుకుని వీధి కొళాయి దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. కొళాయిలో గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. కొళాయి పక్కింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. ఆ కొళాయికి మహారాణి ఆవిడ. ఎవరి బిందె ముందో, ఎవరిది వెనకో ఆవిడ చెప్పిందే. ఆవిడ నన్ను తిట్టని తిట్టు లేదు.

"ఓరి దొంగ సచ్చినోడా, నీ నోట్లో మన్నుపడ! సూడే నీ మనవణ్ణి!"

"గుంటడికి కలొచ్చుంటాదే," అనేది మా మామ్మ చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మామ్మ పీట వేసుకుని కూర్చుంది. పుల్ల లేవలేదు. రెక్కల మీద గోటితో తట్టింది. ఇంకోసారి తట్టింది. లోపల ఇత్తడి గ్లాసు దొర్లిన చప్పుడు, ఆ వెనక ఏడుపు. మామ్మ చేతిలో గుడ్డు ముక్కలు అలాగే ఉన్నాయి.

పంతులుగారొచ్చి పంచాంగం తిప్పారు. ధనిష్ఠ అన్నారు. అలాంటి నక్షత్రంలో పోతే శవాన్ని సింహద్వారంలోంచి తియ్యకూడదని, గోడకి కంత పెట్టి తియ్యాలని, ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలని ఆచారం. కంత ఎక్కడ పెట్టాలా అని ఇంటి చుట్టూ తిరిగి, ఆ కిటికీ చూశారు. గునపాలతో చట్రం పెకలించారు. ఆ మేకులు ఊడిన చప్పుడు ఇవాళ్టికీ నా పళ్ళలో ఉంది.

నేను మా పెరటి గోడెక్కి చూస్తున్నాను. నన్నెవరూ దిగమన్లేదు, ఎవరికీ ఒళ్ళు తెలీడం లేదు. ఇన్నేళ్ళూ రెండు వేళ్ళు మాత్రమే బయటికొచ్చిన చోటునుంచి మనిషంతా వచ్చింది. ముందు కాళ్ళు. లోపల్నించి గుమాస్తాగారు, ఇంకెవరో తోస్తున్నారు, బయట నలుగురు అందుకుంటున్నారు. బియ్యం బస్తా లారీలోంచి దించినట్టు. సందు ఇరుకు, తిప్పడానికి చోటు లేదు. ఒకాయన మోచెయ్యి గోడకి గీసుకుని చెయ్యి వదిలేశాడు. తల వేలాడిపోయింది. అక్కడే గోడకతుక్కుని ఉన్న మా మామ్మ రెండు చేతులూ చాపి ఆ తల పట్టుకుంది.

"నువ్వంటుకోకు, నువ్వంటుకోకు," అన్నాడు ఎవరో.

"అయితే నివ్వొచ్చి పట్టుకో," అంది మామ్మ. ఎవరూ రాలేదు. ఆ ఇరుకులోంచి బయటపడేదాకా ఆ తల ఆవిడ చేతుల్లోనే ఉంది. గార్డు మామ్మని నేను మొత్తంగా చూడ్డం అదే మొదటిసారి. ఇంత చిన్న మనిషా అనుకున్నాను.

సాయంత్రానికి తాపీమేస్త్రీ ఆ కంతని ఇటుకలతో మూసేశాడు. ఇంటికి తాళం వేసి వాళ్ళు బంధువులింటికి బయల్దేరుతున్నారు. కిటికీని చెత్త కుప్ప మీద పడేశారు. మామ్మ వెళ్ళి గుమాస్తాగారి ఎదురుగా నిలబడింది.

"బాబూ, ఆ కిటికీ నానట్టుకెల్తాను. కోళ్ళకి."

ఆయన ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో, విన్నాడో లేదో, "ఏదైనా చేసుకోండి," అన్నాడు.

నాన్న డ్యూటీ దిగొచ్చి పెరట్లో కిటికీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "అమ్మా, ఏటిది? శవమొచ్చిన కిటికీ ఇంటికి తెచ్చీసినావా?"

"ఇంట్లో పెట్టనేదురా. గూట్లో పెడతాను. ఇత్తానన్నాది, తెచ్చుకున్నాను."

రెండ్రోజులకి హార్బరు పక్క పాత ఊరినుంచి వడ్రంగి సాయిబు సంచి తగిలించుకుని వచ్చాడు. రెక్కలు ఆడించి చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "బర్మా టేకమ్మా ఇది! నవాబు మేడకి పెట్టాల్సింది ముర్గీలకి పెడతావా? తౌబా తౌబా!" అంటూనే తారు రేకు కోసి, చట్రం బిగించి, పుల్లకి రెండు చుక్కల నూనె కూడా వేశాడు. పొద్దున పుల్ల ఎత్తితే గూడంతా గాలి. రాత్రి సగానికి దించితే పిల్లి తల పట్టదు, గాలి ఆగదు. మర్నాటికే కోళ్ళు తేరుకున్నాయి. మధ్యాహ్నం పూట వరసగా ఆ కిటికీ దగ్గర చేరి రెక్కల సందుల్లోంచి ముక్కులు, ఎర్ర తురాయిలు బయటికి పెట్టేవి. మామ్మ అటు చూసి, నవ్వబోయి, మొహం తిప్పేసుకునేది.

ఆ వారం ఎండలు ముదిరాయి. తారు రోడ్డు మీద చెప్పులు అంటుకుపోయేవి. ఒక రాత్రి గాలన్నది ఆడలేదు. తెల్లారేసరికి కొళాయి పెద్దమ్మ రేకు గూట్లో కోళ్ళు చచ్చిపడున్నాయి. ఇంకో రెండిళ్ళలోనూ అంతే. మా కోళ్ళు మాత్రం కొక్కొరొకో.

నేను బిందెతో కొళాయి దగ్గరికి వెళ్ళేసరికి పెద్దమ్మ చచ్చిన పెట్టని కాళ్ళు పట్టుకుని ఎత్తి అందరికీ చూపిస్తోంది.

"సూడండే! నల్లది, సుక్కలది, పొదుగుమీదున్నాది, అన్నీ పోనాయి! దాని కోళ్ళకేటీ కాలేదు. ఎలగ? ఆ కిటికీ మింగీసింది నా కోళ్ళని!"

"కోళ్ళతో ఆగుతాదేటి? రేపు గుంటల మీద పడతాది," అంది ఇంకొకావిడ.

"పంతులు సెప్పనేదేటి? అది సావు దారంత. దారి తెరిసి పెట్టుకుంది ఇంట్లో."

నా బిందెని ఎవరో కాలితో వెనక్కి తోశారు. నా వంతొచ్చేసరికి కొళాయి కట్టేశారు. ఆ రోజు నుంచి మా గుడ్లు ఎవరూ కొనలేదు. కొనకపోతే పోయె, కొన్నవాళ్ళు కూడా తెచ్చి మా అరుగు మీద పెట్టి వెళ్ళారు. ఒకావిడ ఉడికించినవే తెచ్చింది, ఇంకా నీళ్ళు కారుతున్నాయి. నిన్నటిదాకా మా మామ్మని "గుడ్లత్తా" అని పిలిచిన మనుషులు వీళ్ళు. నాకు మతి పోయింది. స్టీలు ప్లాంటొస్తుంది, మన పిల్లలు మెషిన్లు తిప్పుతారని ఆ కొళాయి దగ్గరే రోజూ చెప్పుకునేవాళ్ళు. ఒక రేకు పెట్టెకి గాలి రంధ్రం ఎందుకో వీళ్ళలో ఒక్కరికీ తట్టలేదు!

ఇంట్లో గుడ్డు పులుసు, గుడ్డు వేపుడు, చారులో గుడ్డు. గోలీలాటలో నన్నెవరూ చేర్చుకోవడం లేదు. నాన్న పట్టాలు దాటి ఎక్కడో బావినుంచి కావిడితో నీళ్ళు తెచ్చేవాడు, డ్యూటీ చేసొచ్చి.

"అమ్మా, తీసియ్యే. నీళ్ళు నేక సత్తన్నాం," అన్నాడు ఒక రాత్రి.

"తీత్తే కోళ్ళు సత్తాయి. ఉంచితే ఈళ్ళు బయంతో సత్తన్నారు. ఎవలు సావాల్రా?" అంది మామ్మ. తరవాత మెత్తబడి, "పదోరోజెల్లనీ. అన్నీ సల్లబడతాయి," అంది.

పదోరోజు కర్మ సముద్రం ఒడ్డున, హార్బరుకి కాస్త ఇవతల పెట్టుకున్నారు. సందులో వాళ్ళంతా వెళ్ళారు, కొళాయి పెద్దమ్మ అందరికంటే ముందు. ఆ తెల్లవారే మామ్మ ఒక గుడ్డు ఉడికించడం చూశాను. వొలిచి, ఉప్పు వేసి, ఆగి, ఇంకోసారి ఉప్పు వేసింది. తడిగుడ్డలో చుట్టి బొడ్డులో దోపుకుంది. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇసకలో విస్తరి పరిచి పిండాలు పెట్టారు. కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళకి తీరని కోరికేదో ఉన్నట్టు. ఒక్కొక్కళ్ళూ ముందుకెళ్ళి, ఇది చేస్తాం, అది చేస్తాం అని మాటిస్తారు, ఏ మాటకి కాకి వాలితే అదే ఆ కోరిక. హార్బరు కాకులకేం తక్కువ! పడవల కొయ్యల మీద వందలున్నాయి. రాత్రంతా చేప పేగులు తిని బలిసినవి, చప్పటి అన్నం ముద్దని కన్నెత్తి చూస్తాయా?

గుమాస్తాగారు తడి పంచెతో చేతులు జోడించి నిలబడ్డాడు. "అమ్మా, చెల్లిని కళ్ళలో పెట్టుకు చూసుకుంటాను." కాకి రాలేదు. "కాశీ తీసుకెళ్తానని తీసుకెళ్ళలేకపోయాను. నీ పేరు మీద నేనెళ్తాను." రాలేదు. ఎండెక్కుతోంది. ఆయన మాటిమాటికీ జనం వైపు చూస్తున్నాడు. తల్లికి ఏదో లోటు చేశానని అందరి ముందూ తేలిపోతోంది కదా. నాకే ఆయన్ని చూస్తే జాలేసింది.

అందరూ ఆకాశంలోకి చూస్తున్నారు. అప్పుడు మామ్మ ముందుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి నుదురానించి దండం పెట్టింది. లేచేసరికి విస్తరి అంచున, అన్నం ముద్దల పక్కన, పచ్చసొన కిందికి తిప్పిన నాలుగు తెల్లటి ముక్కలు. అన్నం తెలుపు, గుడ్డు తెలుపు. నా పక్కకొచ్చి నిలబడి చిన్నగా, "ఈ పాలి ఉప్పు సరిగ్గా ఏసినానొదినా," అంది.

పడవ కొయ్య మీద ఒక కాకి మెడ పక్కకి వంచి చూసింది.

సరిగ్గా అప్పుడే వెనకనించి కొళాయి పెద్దమ్మ గొంతు. "కిటికీ బాబూ! ఆయమ్మ ఎల్లిన దారి కోళ్ళగూట్లో పెట్టీసి ఉంటే ఎలగ ముడతాది?"

పంతులుగారు ఆలోచించి, "అదీ చెప్పదగ్గ మాటే," అన్నారు.

గుమాస్తాగారు రెండు చేతులూ పైకెత్తి ఏడుస్తూ అరిచాడు. "ఆ కిటికీ ఈ రోజే కాల్చేస్తానమ్మా! బూడిద కూడా మిగల్చను!"

కాకి వాలింది. రెక్కల గాలికి ఇసక లేచింది. ముందు ఒక తెల్లముక్క, తరవాత ఇంకో ముక్క. దాని వెనక ఇంకో నాలుగు కాకులు దిగి అన్నం కూడా చిందరవందర చేసేశాయి. "వొచ్చింది! వొచ్చింది!" అని అంతా ఒక్కటే కేకలు. పంతులుగారు కళ్ళు మూసుకున్నారు. గుమాస్తాగారు ఇసకలో కూలబడి చిన్నపిల్లాడిలా "అమ్మా, అమ్మా," అని వెక్కిళ్ళు.

నేను మామ్మ మొహం చూశాను. అలాంటి మొహం నేను మళ్ళీ ఎవరిదీ చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కళ్ళు కాకి మీద ఉన్నాయి, రెప్ప పడ్డంలేదు. తన చేత్తో పెట్టిన గుడ్డు తన కళ్ళ ముందే ఆ కిటికీకి నిప్పంటించింది.

తిరిగొస్తుంటే దారిలో చెయ్యి పట్టుకు లాగాను. "మామ్మా, చెప్పెయ్. గుడ్డు కోసమొచ్చిందని చెప్పెయ్. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

ఆవిడ ఆగి నా నోటి మీద అరచెయ్యి పెట్టింది. ఆ చేతికి ఉప్పు, మిరియం వాసన.

"ఆ తల్లి నోట్లోకెల్లింది నా నోట్లోంచి బయటికొస్తాదేటిరా? ఆ కొడుకు మొగం సూసినావా? మాయమ్మ నాతో మాటాడింది అనుకుంతన్నాడు. అది కూడా నాగీమంతావా?"

కిటికీని గూటినుంచి ఊడబెరికింది మా నాన్నే. కొళాయి నీళ్ళు కావాలి, ఏం చేస్తాడు? కొళాయి ఉన్న పెద్ద సందు మధ్యలో పెట్టారు. జనం మూగారు. నేను అలవాటుగా సందు మొదట్లో నిలబడి ఉన్నాను. గుమాస్తాగారు సైకిలు హేండిలుకి కిరసనాయిలు డబ్బా తగిలించుకుని మలుపు తిరిగాడు. నాకేమైందో తెలీదు. గొంతు దానంతటదే లేచింది.

"నీళ్ళొచ్చాయి! నీళ్ళొచ్చాయి!"

సగం మంది ఆడవాళ్ళు బిందెల కోసం పరిగెత్తారు. పుల్ల కదల్లేదు. ఎవరు దించుతారు? నాన్న వచ్చి నా చెంప మీద ఒక్కటి కొట్టాడు. కొట్టి, నన్ను వదలకుండా అలాగే పట్టుకు నిలబడ్డాడు. టేకు చెక్క, నూనె తాగిన చెక్క, పెద్ద మంట. రెక్కలు ఒకటొకటే ఎర్రబడి, ఒకదాని మీదొకటి వాలిపోయాయి. గుమాస్తాగారు మంటకి దండం పెట్టుకుంటూ ఏడుస్తున్నాడు. మామ్మ బయటికి రాలేదు. పెరట్లో కోళ్ళకి తవుడు కలుపుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మర్నాడు మా గుడ్లు మళ్ళీ అమ్ముడుపోయాయి. అవే కోళ్ళు, అవే గుడ్లు. దోషం బూడిదైపోయింది కదా! ముందుగా వచ్చింది కొళాయి పెద్దమ్మే, పొదగెయ్యడానికి గుడ్లు కావాలని. నాకు ఒళ్ళు మండి లోపలికెళ్ళిపోయాను. మామ్మ మాత్రం ఏరి ఏరి మంచివే ఇచ్చింది. గూటికి మిగిలిన కంత మీద అమ్మ హార్బరునుంచి తెచ్చిన చిరుగు వల ముక్క మేకులతో కొట్టింది. దాంట్లోంచి గాలి బాగానే వచ్చింది. కొన్నాళ్ళకి చూస్తే పెద్దమ్మ గూటికీ ఒక కంత, దాని మీద వల. ఇంకో రెండు గూళ్ళకీ అంతే. ఎందుకని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆ సందు ఇప్పుడు లేదు. ఆ కొళాయి, ఆ రేకు గూళ్ళు, ఆ మనుషులూ లేరు. గుమాస్తాగారు కూడా పోయి చాలా కాలమైంది, అందుకే ఇదంతా రాస్తున్నాను. ఆయనుండగా మాత్రం నా నోట్లోంచి కూడా రాలేదు. నాకు బళ్ళో చదువబ్బలేదు. పొట్లాల కాగితాలు, లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు, దొరికిందల్లా చదువుకున్నాను. ధనిష్ఠ గురించీ చదివాను, కోళ్ళ గురించీ చదివాను. ఎంత చదివినా అప్పటి మా మామ్మ మొహానికి సమాధానం దొరకలేదు.

ఆ తరవాత కూడా ఎన్నో ఏళ్ళు, మధ్యాహ్నం ఎండ మండే వేళ, మామ్మ ఆ గోడ నీడలో పీట వేసుకునేది. ఇటుకలతో మూసిన చోటు కొత్త సున్నంతో వేరేగా కనపడేది. గుడ్డు నాలుగు ముక్కలు కోసి గూటి రేకు మీద పెట్టేది. కాకి వచ్చేది. అది తిని ఎగిరిపోయేదాకా చూసి, ఆ ఇటుకల వైపు తిరిగి, "ఉప్పు సరిపోనాదా వొదినా?" అని అడిగేది. కాసేపు ఆగి, "సర్లే, రేపేత్తాను," అనేది.

మూడో అంతస్తు ముసలావిణ్ణి వెనక మెట్ల మీంచే దింపారు. మలుపుల దగ్గర ఇరుకు. దింపే వేళకి నేను మళ్ళీ వెళ్ళి తల వైపు పట్టుకున్నాను. "అంకుల్, మీరొద్దు," అన్నారు. వదల్లేదు. కింద ఆ కుర్రాణ్ణి పక్కకి పిలిచి, "మీ అమ్మగారికి ఏమిష్టం?" అని అడిగాను. అతను నా వైపు తెల్లబోయి చూశాడు. తరవాత చుట్టూ చూసి, నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు.

అది రాయను. రేపు పదోరోజు. నేనూ వెళ్తున్నాను.